హుండీకి ముందు బాకీ

భద్రాద్రి యాత్రలో బిడ్డ చేతికి నాణెమిచ్చి హుండీలో వేయించుట మన ఇండ్లలో వాడుక. మంచిదే. కాని గుడి మెట్లు దిగిన వెంటనే, అడవితేనె అమ్ము కోయ స్త్రీతో పదిరూపాయలకై తండ్రి గీచిగీచి బేరమాడుటను కూడ ఆ బిడ్డ చూచును. ధనమును గూర్చి వాడు నేర్చునది ఈ రెంటిలో ఏ పాఠము?

అబుల్ హసన్ తానీషా (1672–1687) ఏలుబడిలో పాల్వంచ తహశీలుదారైన కంచెర్ల గోపన్న సర్కారు శిస్తుతో ఆలయము కట్టించి గోలకొండ చెరసాల పాలయ్యెను. భక్తుని విడిపించుటకు శ్రీరాముడు సుల్తానును శపింపలేదు, బాకీ మాఫీ చేయుమనియు కోరలేదు. లక్ష్మణునితో వచ్చి ఆరులక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనెనని ఐతిహ్యము. దైవకార్యమునకు వెచ్చించినను పరధనము పరధనమే. మనము పిల్లలకు అద్భుతమును చెప్పుదుము, రసీదును మరతుము.

మరుసారి మెట్లెక్కుటకు ముందే తేనె కొని, తగిన వెల లెక్కించి ఆ తల్లి చేతిలో పెట్టు పనిని బిడ్డకే అప్పగింపవచ్చును. హుండీ నాణెము ఆ తరువాత.