ధర్మరాజు వెనక్కి చూడలేదు, సరే... మరి నేను?

మహాప్రస్థానం వీడియోలో ఒక విషయం కావాలనే వదిలేశాను. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. రాయడం కాస్త తేలిక కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

కథ మీకు తెలిసిందే. పాండవులు రాజ్యం వదిలేసి ఉత్తరానికి నడుస్తారు. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు ఒక్కసారి కూడా తల తిప్పడు. దీన్ని మనం వైరాగ్యం అంటాం. వీడియోలో నేనూ అదే అన్నాను. కానీ వెనక్కి చూడకపోవడం ఎప్పుడు వైరాగ్యం, ఎప్పుడు తప్పించుకోవడం? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుంటే రాలేదు. డిండి దగ్గర రోడ్డు మీద వచ్చింది.

కార్తీకమాసంలో తొమ్మిది మందిమి హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సైకిళ్ల మీద బయల్దేరాం. రెండు రోజుల ప్రయాణం. మొదటి రోజు మన్ననూరు దాకా, అంటే 130 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి అడవి, ఫారెస్ట్ చెక్‌పోస్ట్ రాత్రి మూసేస్తారు కాబట్టి ఆగాల్సిందే. దారిలో రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. చీకటి పడకముందే కొండెక్కి దర్శనం చేసుకోవాలని నా పట్టుదల. మిగతావాళ్లకి అంత పట్టింపు లేదు. నేనే అందరినీ ఒప్పించాను.

తుక్కుగూడ దాటాక తెల్లారింది. కడ్తాల్‌లో టీ, ఆమనగల్లులో ఇడ్లీ. ఊరు రాగానే బడికెళ్లే పిల్లలు కాసేపు మాతో పోటీ పడి తొక్కేవాళ్లు, ఊరి చివర ఆగిపోయేవాళ్లు. వెల్దండ దాటేసరికి ఎండ మొదలైంది. ఎదురుగాలి కూడా.

మాలో అందరికంటే పెద్దాయన ఒక అంకుల్. బ్యాంకులో రిటైరయ్యారు. మెల్లగా తొక్కుతారు, కానీ ఆగరు. సామాను తలా కొంచెం పంచుకున్నాం, గాలి కొట్టే పంపు నా సంచిలో పడింది. డిండికి ఆరు కిలోమీటర్లుందనగా నేను చివరి నుంచి రెండోవాణ్ణి. నా వెనక అంకుల్ ఒక్కరే.

"ఒక్క నిమిషం ఆగరా!" అని వినపడింది.

వినపడింది. స్పష్టంగా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవు, లారీ హారన్ కూడా లేదు. ఇప్పుడాగితే ముందువాళ్లని అందుకోలేను, దర్శనం పోతుంది అనుకున్నాను. శివుడి కోసమే కదా అనుకున్నాను. తల తిప్పకుండా తొక్కాను.

డిండి జలాశయం దగ్గర అందరూ ఆగి ఉన్నారు. "అంకుల్ ఏరి?" అన్నారు. "వెనకాలే వస్తున్నారు" అన్నాను. పది నిమిషాలయింది, ఇరవై అయింది. ఇక మాటలు మొదలయ్యాయి. ఆయన సరిగ్గా ప్రాక్టీస్ చేయలేదు అన్నారొకరు. ఆమనగల్లులో మరీ ఎక్కువ తిన్నారు అన్నారింకొకరు. నీళ్లు తాగరు, చెప్తే వినరు అన్నాను నేను. మహాప్రస్థానంలో కూడా ఇదే జరుగుతుంది, గమనించారా? ఒక్కొక్కరు పడినప్పుడల్లా భీముడు ఎందుకు అని అడుగుతాడు. ధర్మరాజు ఒక్కొక్కరి తప్పూ చెప్తాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం, సహదేవుడికి తెలివి గర్వం, నకులుడికి అందం గర్వం, అర్జునుడికి పరాక్రమం గర్వం, భీముడిది తిండి, బలం గర్వం. ఆయన ధర్మం తెలిసి చెప్పాడేమో. మేం మాత్రం ముందున్నవాళ్లం కాబట్టి చెప్పాం. వెనకబడినవాడిలో తప్పు దొరికితే మనం ఆగక్కర్లేదు కదా.

నలభై నిమిషాలకి ఫోన్ వచ్చింది. ట్యూబ్ పంక్చర్. కొత్త ట్యూబ్ వేసుకున్నారట, గాలి కొట్టడానికి పంపు లేదు.

వెనక్కి వెళ్లాను. అంకుల్ సైకిల్ తోసుకుంటూ వస్తున్నారు. సైక్లింగ్ బూట్లకి అడుగున క్లీట్లుంటాయి, వాటితో నడవలేం. బూట్లు హ్యాండిల్‌కి తగిలించి, వేడి తారు మీద సాక్సులతో నడుస్తున్నారు.

తర్వాత ఇంద్రుడు రథం తెస్తాడు, కుక్కని వదిలేసి ఎక్కమంటాడు. తమ్ముళ్లనే వదిలినవాడివి, కుక్కని వదల్లేవా అంటాడు. దానికి ధర్మరాజు ఏమంటాడంటే, వాళ్లు బతికుండగా నేను వదల్లేదు, పోయినవాళ్లని తిరిగి లేపలేను కాబట్టి సాగిపోయాను అంటాడు. ఎంత మంచి మాట! కానీ నాకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. భీముడు పడ్డాక కూడా మాట్లాడతాడు. నీకిష్టమైనవాణ్ణి, పడిపోయాను, చూడు అని పిలుస్తాడు. ధర్మరాజు కారణం చెప్పి, చూడకుండానే వెళ్లిపోతాడు. అది యోగంలో ఉండి చేసిన ప్రయాణం, చూపు మరల్చకూడదు అని పెద్దలు చెప్తారు. ఒప్పుకుంటాను. ఆయన సంగతి ఆయనకే వదిలేద్దాం. ఆయన చేతిలో భీముణ్ణి లేపే ఉపాయం లేదు. నా సంచిలో పంపు ఉంది.

ఉమామహేశ్వరం దగ్గరికొచ్చేసరికి బాగా చీకటి. రోడ్డు మీద నుంచే దండం పెట్టుకుని సాగిపోయాం. అంకుల్ నా ముందు తొక్కుతున్నారు. ఈసారి నేను చివర.

మన్ననూరులో భోజనాలయ్యాక ఆయన పక్కన కూర్చున్నాను. అరికాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు.

"అంకుల్, మీరు పిలిచింది నాకు వినపడింది."

రాసుకోవడం ఆపలేదు. "తెలుసురా. నువ్వు తొక్కడం ఒక్క క్షణం ఆపి, మళ్లీ మొదలుపెట్టావు. చూశాను."

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆయన నూనె సీసా నా వైపు జరిపారు. "మోకాళ్లకి రాసుకో. రేపు ఘాటు ఉంది."