పూర్వజన్మ మాటలాడు పసివాని తల్లికి

నిడదవోలు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని మీ పెదనాన్న అనేకముగా ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము అందినది. నాలుగేండ్లు నిండని పిల్లవాడు అన్నము తినుచు తినుచు ఆగి, ‘‘నా పడవేదమ్మా? నేను నీళ్ళలో పడిపోయాను గదా!’’ అని అడుగుటయు, రాత్రివేళ ఉలికిపడి లేచుటయు, నెత్తిన నీళ్ళు పోయబోవగా కెవ్వున కేక వేయుటయు వివరముగా వ్రాసి, ‘‘ఇది పూర్వజన్మ జ్ఞాపకమేనా పెదనాన్నా? మేమేమి చేయాలి?’’ అని అడిగితివి. మొదటి ప్రశ్నను పండితులకు వదలుదము. రెండవదే తల్లి ప్రశ్న. దానికి నా సమాధానము ఇది: వాడు చెప్పినది వినుము, వానిని మాత్రము ఏమియు అడుగవలదు.

మన పెద్దలు జాతిస్మరత్వమును అసాధ్యమనలేదు. కాని బిడ్డలకు దానిని వరముగా కోరినవారును లేరు. గర్భస్థశిశువునకు గతజన్మములన్నియు స్మృతియందుండుననియు, భూమిపై పడిన క్షణముననే వైష్ణవవాయువు సోకి అవి మరపునకు వచ్చుననియు గర్భోపనిషత్తు చెప్పుచున్నది. ఆ మరపును నేను శాపముగా గాక బిడ్డకు పుట్టుకతో లభించిన రక్షగానే ఎంచుదును. భాగవత పంచమస్కంధమున భరతుడు లేడిపిల్లపైని మమకారముతో ప్రాణము విడిచి, లేడియై, ఆపై విప్రుడై పుట్టియు పూర్వస్మృతి చెడనివాడు. ఐనను ఆ స్మృతిని నలుగురిలో చెప్పుకొనక జడునివలె సంచరించి, సింధుసౌవీరాధిపతియైన రహూగణుని పల్లకి మోయవలసివచ్చిన నాడు గాని నోరు విప్పలేదు. మన పింగళి సూరన కళాపూర్ణోదయమున మధురలాలస యను పసికందు మెడలోని హారపు మణి యెదకు తగిలియున్నంత సేపు గతజన్మవృత్తాంతమును ప్రౌఢవలె చెప్పి, మణి తొలగగానే మాటలు రాని మామూలు బిడ్డయైపోవును. సభలోనివారికి కావలసినది ఆ కథ; కథ ఆగిన పిదప ఆ బిడ్డను ఎత్తుకొనవలసినది తల్లియే గదా!

సంక్రాంతికి మీరిచ్చటికి వచ్చినపుడు నీవు వంటయింట నుండుటచే చూడని సంగతి ఒకటి చెప్పెదను. అరుగుమీద చేరిన ఇరుగుపొరుగువారు వానిని నడుమ నిలిపి, ‘‘మీదే ఊర్రా నాన్నా?’’ అనిరి. వాడు కాలువవైపు వేలు చూపెను. ‘‘అటంటే విజ్జేశ్వరమేనా?’’ అని ఒకరనగా, ‘‘ఆఁ’’ అనెను. ‘‘నీ పెళ్ళాం పేరేమిటి?’’ అని మరియొకరడిగిరి. వాడు చొక్కా బొత్తాము నోటబెట్టుకొని ఊరకుండెను. మరల అడిగిరి, అప్పుడును పలుకలేదు. ‘‘లక్ష్మి కదూ?’’ అని మూడవమారు అందిచ్చునప్పటికి, ‘‘ఆఁ, లక్ష్మి’’ అనెను. ‘‘అంతా కోట సత్తెమ్మతల్లి మహిమ’’ అని ఒక ముసలమ్మ చేతులు జోడించెను. దీపాలవేళకు వీథియంతయు, పిల్లవాడు తన ఊరును భార్యపేరును తానై చెప్పినాడని చెప్పుకొనుచుండెను. నేనంతసేపును వాని కన్నులే చూచుచుంటిని. అవి జ్ఞాపకమును వెదకుట లేదు, అమ్మాయీ. ఎదుటివారి ముఖములలో ఏ మాటకు సంతోషము పుట్టునో వెదకుచుండినవి. ఆ అరుగుమీద అబద్ధమాడినవారెవరును లేరు. అయినను ఒక ఊరును ఒక పేరును వాని నోట పెట్టబడినవి; ఇక వానికి నిజముగా ముందే తెలిసినదేదో, మనమందిచ్చినదేదో విడదీయుట ఎవరి తరము?

పడవ, నీళ్ళు అను మాటలు వానికి ఎచ్చటినుండి వచ్చినవనియు ఆలోచింపవలెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప ఈ డెల్టా కాలువలపై చాలకాలము పడవలు నడచినవి. మీ పెద్దమ్మ కాపురమునకు పడవలో వచ్చిన కథ వాడు వినని సెలవులు లేవు. నిరుడు వేసవిలో ఆమె టీవీలో మూగ మనసులు చూచుచుండగా వాడు ఒడిలోనే కూర్చుండెను. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ఆ చిత్రమున గోదావరియు, పడవయు, గతజన్మస్మృతియు మూడును గలవు. ఇందుచేత వాని మాట కల్ల యని నేననుట లేదు. పసివాని మనస్సు విన్నదానిని, కన్నదానిని, తనదానిని ఒకే మూటగా కట్టుకొనును; ఆ మూట వాడు విప్పినంతవరకే మనము చూడవలెను.

ఈ విషయమును శ్రమపడి పరిశోధించినవారు లేకపోలేదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఇయాన్ స్టీవెన్సన్ అను మానసిక వైద్యుడు మన దేశమునకు పలుమారులు వచ్చి, 1966లో ఇరువది ఉదంతములతో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయనయు ఆయన సహచరులును సేకరించిన ఉదంతములు 2,500 దాటినవి. ఆ పిల్లలు సాధారణముగా రెండు మొదలు నాలుగేండ్ల నడుమ ఈ మాటలు మొదలిడి, అయిదు మొదలు ఎనిమిదేండ్ల లోపల తమంతట తామే మానుదురని ఆయన గమనించెను. ఇది మనకు ధైర్యము చెప్పు మాట. మన ఆంధ్ర విశ్వవిద్యాలయముననే కె. రామకృష్ణారావుగారు 1967లో మనస్తత్వ, పరామనస్తత్వశాస్త్ర శాఖను నెలకొల్పిరి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, ఉత్తరాదిన ఇన్ని ఉదంతములుండగా దక్షిణాదిన ఇంత తక్కువగా వినవచ్చుటకు కారణమేమని విచారించిరి. నాకు తోచిన కారణమొకటి కలదు: మన ఇండ్లలో మనుమనికి తాతపేరు పెట్టి, ‘‘మా నాన్నే మళ్ళీ పుట్టాడు’’ అని ముద్దాడి ఊరకుందుము. పోయినవారు మన ఇంటికే తిరిగి వచ్చిరనుకొనుటచే, పరుల ఇంటికి పోయి విచారింపవలసిన పని పడదు.

ఈ విచారణలో ఒక తండ్రి నడవడి నాకు మిక్కిలి నచ్చినది. బరేలీలో సహాయ్ అను వకీలు 1926లో తన కుమారుడు జగదీశ్‌చంద్ర కాశీలో గడిపిన గతజన్మమును గూర్చి చెప్పిన మాటలను, వానిని కాశీకి తీసికొనిపోకముందే వ్రాసి పత్రికలో ప్రకటించెను. ముందు వ్రాత, పిదప విచారణ. నీవును ఒక నోటుపుస్తకము పెట్టుకొనుము. వాడు తానై చెప్పిన మాటను వాని మాటలలోనే, తేదీతో, దానికి ముందు ఇంటిలో ఏమి జరుగుచుండెనో కూడ చేర్చి వ్రాయుము. సంక్రాంతినాటి ఊరును పేరును అందు చేర్చవలదు. వాడు చెప్పునపుడు, ‘‘అలాగా నాన్నా’’ అని విని, కావలసిన ముద్ద పెట్టుము. తిట్టవలదు, ఆశ్చర్యపడి చేతులు జోడింపవలదు, ఫోనులో చిత్రము తీయవలదు. ఇట్టి పిల్లలకు ఆయుస్సు తక్కువ యను మూఢనమ్మిక కొన్నిచోట్ల కలదు. దానికి భయపడి శాంతులు, తాయెత్తులు అని తిరుగవలదు. నీటిభయము మాత్రము ఏ జన్మమునుండి వచ్చినను ఇప్పుడు వణకుచున్నది ఈ దేహమే. నెత్తిన పోయక, చిన్న చెంబుతో పాదములనుండి మొదలిడి వానిచేతనే పోయించుము. రాత్రి ఉలికిపాటు నెలలో తగ్గనిచో పిల్లల వైద్యునికి చూపుము.

శాంతీదేవి కథ నీవు వినియుందువు. ఢిల్లీలో 1926లో పుట్టిన ఆ పిల్ల, తన ఇల్లు మధుర యనియు, భర్త బట్టల వర్తకుడనియు చెప్పగా, 1935లో దేశబంధు గుప్తా మున్నగు పెద్దలు సంఘముగా ఏర్పడి ఆమెను మధురకు కొనిపోయిరి. ఆమె కథను నమ్మినవారును, సాక్ష్యము చాలదని ఖండించినవారును కలరు. నన్ను కలచునది ఆ వివాదము కాదు. తొమ్మిదేండ్లైనను నిండని ఆ బాలిక, తనకన్న ఏడాది పెద్దవాడైన బాలుని తన కుమారుడని కౌగిలించుకొని ఏడ్చినది. ఆ భర్త యన్నవానికి అప్పటికే మరియొక భార్య కలదు. తరువాత ఆమె అవివాహితగానే జీవించి 1987లో కాలము చేసినది. జీవితాంతము వచ్చినవారికెల్ల ఆ కథయే చెప్పవలసి వచ్చినది. బాల్యమున మానిపోదగినదానిని లోకము ఆమెచేత మానకుండ చేసినదని నా నమ్మకము.

అల్లుడుగారు వచ్చే నెలలో పిల్లవానిని వెంటబెట్టుకొని, ఎన్నడో పడవ తిరగబడి మనిషి పోయిన ఆ లంకకు వెళ్ళి విచారింతుమనుచున్నారని వ్రాసితివి. వారిని ఆపుము. మన ఇంటి సంశయము తీరుటకై ఒక ముసలి ఇల్లాలి గుమ్మమున నాలుగేండ్ల వానిని నిలబెట్టి, ‘‘వీడు మీ ఆయనేమో చూడండి’’ అనుట ఎంతటి పని! ఆమె నమ్మినచో మరల పోగొట్టుకొనును. నమ్మనిచో ఆరిన దుఃఖమును మనము చేతులార రగిల్చినవారమగుదుము. ఇక పిల్లవాడు ఆ ఏడ్పును చూచి, అది తన వలననే అనుకొనును. అల్లుడుగారికి అంత ఆసక్తియే యున్నచో, పుస్తకమున ఆరునెలల మాటలు చేరిన పిదప దానిని తీసికొని ఒక్కరే నాయొద్దకు రావలసినదని చెప్పుము. ఆ లంకలో నాకు తెలిసినవారు కలరు, ఎవరి మనస్సు నొవ్వకుండ అడుగవలసినది నేనడిగెదను.

మీ పెద్దమ్మ చిన్నవానికి జంతికలు పంపుచున్నది. మీరందరును క్షేమముగా నుండుదురు గాక.

ఇట్లు,
మీ పెదనాన్న