అందరికీ ఒక పళ్ళెమా? ఎవరి డబ్బా వారిదా?

దసరా, దీపావళి వేడుకలు దగ్గర పడుతున్నాయి. కమిటీ సమావేశాలలో అమ్మవారి అలంకారాల గురించి ఎంత మాట్లాడుకుంటామో, సాంస్కృతిక కార్యక్రమానికి ముందు పెట్టే ఫలహారాల గురించి అంతకన్నా ఎక్కువ మాట్లాడుకుంటాము. కేటరింగ్ వారు ప్రతి ఏడూ ఒకటే అడుగుతారు: గారెలు, బజ్జీలు పెద్ద ట్రేలలో బల్లల మీద పెట్టమంటారా, మనిషికొకటి చొప్పున డబ్బాలలో సర్దమంటారా? పైకి ఇది ఖర్చుల లెక్కలా కనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. పదిమంది కోసం వండిన దానిని న్యాయంగా పంచడమంటే ఏమిటి?

ఒక ఏడాది దీపావళికి ట్రేలు పెట్టాము. ముందు వచ్చినవాళ్ళం కావలసినంత పెట్టుకున్నాము. పిల్లలకు మేకప్ వేస్తూ, జడలు అల్లుతూ లోపల ఉండిపోయిన తల్లులు వచ్చేసరికి మిగిలింది కొబ్బరి పచ్చడి మాత్రమే. ఎవరూ దురాశతో తీసుకోలేదు. ఒక్కొక్కరం ఇంకో గారె వేసుకున్నాము, అంతే. ఆ ఇంకో గారె ఎవరిదో మనకు కనిపించలేదు. తింటున్న చేత్తోనే గరిటె పట్టుకోవడం చూసి, ఎంగిలి అయిందని ఏమీ ముట్టుకోకుండా వెళ్ళిపోయిన పెద్దవారూ ఉన్నారు.

మరుసటి ఏడాది డబ్బాలు తెప్పించాము. అందరికీ రెండేసి గారెలు, ఒక బజ్జీ, ఒక మైసూర్‌పాక్. లెక్క సరిపోయింది, ఎవరికీ తక్కువ కాలేదు. కానీ రాత్రి హాలు శుభ్రం చేసినవారికి తెలుసు, చెత్త సంచులలో ఎన్ని గారెలు ఒక్క కొరుకుతో ఆగిపోయాయో. ఐదేళ్ళ పాపకూ రెండే, కాలేజీ కుర్రవాడికీ రెండే. సమానంగా పంచాము గాని, సరిగ్గా పంచామా? పైగా ఎవరి డబ్బా వారు తీసుకుని ఎవరి కుర్చీలో వారు కూర్చున్నారు. ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబాన్ని పలకరించినవారు తక్కువ.

అలాగని డబ్బాను తీసిపారేయలేము. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రసాదం పంచడానికి మనకు దొరికిన దారి అదే. వేరుసెనగలు, జీడిపప్పు, నువ్వులు పడని పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద నువ్వులను కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాలలో తొమ్మిదవదిగా తెలపడం తప్పనిసరి అయింది. చేగోడీలలో నువ్వులు, పచ్చడిలో వేరుసెనగపప్పు వేసే మనం దీనిని తేలికగా తీసుకోకూడదు. ట్రేలో గరిటెలు మారిపోతే ఆ తల్లికి మనం ఏమని సమాధానం చెప్పగలం?

తిరుమలలో రెండు పద్ధతులూ ఉన్నాయి. లడ్డూ ఎవరిది వారికి లెక్కగా ఇస్తారు. అది ఇంటికి తీసుకువెళ్ళి నలుగురికీ పంచేది. 1985లో మొదలైన నిత్యాన్నదానం మాత్రం పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించేది. ఇప్పుడు అది జరిగే భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. అక్కడ ఆకలిని బట్టి మళ్ళీ వడ్డిస్తారు.

మన ఊళ్ళలో పెళ్ళి పంక్తి కూడా అంతే కదా! గుండిగ అందరిదీ, విస్తరి ఎవరిది వారిది. వడ్డించేవారి గరిటె విస్తరికి తగలదు కాబట్టి ఎంగిలి లేదు. "ఇంకొంచెం" అన్నవారికి ఇంకొంచెం, "చాలు" అన్నవారికి చాలు. పంక్తి చివర కూర్చున్నవారిని చూసుకుని వడ్డించేవారు చేయి సర్దుకుంటారు. ట్రేకీ లేని చూపు, డబ్బాకీ లేని చూపు ఆ మనిషికి ఉంది. న్యాయం గిన్నెలో లేదు, వడ్డించే చేతిలో ఉంది.

అయితే ఆ చేయి ఎవరిది? అసలు చిక్కు ఇక్కడే. వడ్డించేవారు ఆఖరున తింటారు. ఒక్కోసారి తమ పాప నాట్యం మొదటి నిమిషాలు చూడలేకపోతారు. ట్రే అయినా, డబ్బా అయినా మనకు నచ్చడానికి కారణం ఒకటే. రెండింటిలోనూ ఆ త్యాగం ఎవరూ చేయనక్కరలేదు.

ఈ ఏడాది ఒక మనవి. ట్రేలు బల్ల వెనుక ఉంచి, ఒక్కో పదార్థం దగ్గర ఒకరు నిలబడి వడ్డిద్దాము. వేడి పదార్థాలు రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఏమేమి వేసి చేశారో చీటీ రాసి పెడదాము. అలర్జీ ఉన్న పిల్లలకు, లోపల పనిలో ఉన్న తల్లులకు, లేవలేని పెద్దలకు విడిగా డబ్బాలు ముందే సర్దిద్దాము. ఒక్కొక్కరు అరగంట చొప్పున వంతులు వేసుకుంటే ఎవరి పాప నాట్యమూ ఎవరికీ తప్పదు.

మొదటి అరగంటకు కమిటీలో ఉన్న మేము పేర్లు రాసుకున్నాము. మిగిలిన వంతుల కాగితం గుడి ముఖద్వారం దగ్గర, చెప్పుల అరల పక్కన పెట్టాము. లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారి చూడండి.

అందరికీ దసరా, దీపావళి శుభాకాంక్షలు.