ఎదుగుదలలో మన చేతికి పని ఏది?

దేశం ఎదుగుతోందంటే మనకూ సంతోషమే. మరి దేశం ఎదుగుతుంటే చదువుకున్న మన పిల్లలకు పని ఎందుకు దొరకడం లేదు? ఇది అర్థశాస్త్రం అడిగే ప్రశ్నే కాదు, న్యాయం అడిగే ప్రశ్న కూడా.

ఆర్థిక వృద్ధి అంటే దేశంలో ఏడాదికి తయారయ్యే వస్తువుల, సేవల విలువ పెరగడం. ఆ విలువ వెనుక ఎన్ని చేతులు పనిచేశాయో ఆ లెక్క చెప్పదు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి, తర్వాత సీలేరులో మన కొండల నీటితో కరెంటు తయారవుతోంది. ఆ కరెంటు మైదానాలకు పోయింది, అక్కడ మిల్లులు నడిచాయి. జలవిద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు కూలీలు చాలామంది కావాలి. కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. పాడేరు కొండల్లో కాఫీ అలా కాదు. మొక్క నాటాలి, నీడ చెట్లు పెంచాలి, పండ్లు ఏరాలి, తొక్క తీయాలి, ఎండబెట్టాలి. అడుగడుగునా మనిషి కావాలి. రెండూ వృద్ధే. కానీ రెండూ మనకు ఒకేలా పని ఇవ్వవు.

నిరుద్యోగం లెక్కనూ జాగ్రత్తగా చదవాలి. కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగం 2022-23లో 3.2 శాతానికి తగ్గింది. అయితే సొంత పొలంలో కూలి లేకుండా సాయం చేసేవారిని కూడా ఆ సర్వే పనిలో ఉన్నవారిగానే రాస్తుంది. బీఈడీ చేసి ఇంటికొచ్చి నాన్నతో పోడులో దిగిన యువకుడు ఆ లెక్కలో నిరుద్యోగి కాడు. పోడు పని తక్కువదని మనం అనడం లేదు. ఇద్దరు చేసే పనిని నలుగురు పంచుకుంటే పంట రెట్టింపు కాదు, తలా ఒక్కరికి వచ్చే తిండి తగ్గుతుంది.

ముందు వృద్ధి రానివ్వండి, పని దానంతట అదే వస్తుందని కొందరంటారు. వృద్ధి లేకుండా పని పెరగదన్నది నిజమే. దానంతట అదే వస్తుందన్నది మాత్రం నిజం కాదు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉన్న కొద్దిపాటి దారి కూడా ఇరుకైంది. నేల, నీరు ఇచ్చినవారికి అందులో పని దక్కాలని అడగడం బిచ్చం కాదు, హక్కు.

యువకులారా, ఉద్యోగం రాలేదని మీ చదువును, మీ పుట్టుకను నిందించుకోకండి. ఉపాధ్యాయులారా, ఈ రెండు లెక్కలనూ పిల్లలచేత పక్కపక్కన పెట్టి చదివించండి. 1996 పెసా చట్టం ప్రకారం, భూమి తీసుకునే ముందు మన గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. అలా అడగడానికి వచ్చినప్పుడు ఎన్ని కోట్ల ప్రాజెక్టు అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఎంతమందికి పని, ఎన్నేళ్ల పాటు, అందులో మనవాళ్లెందరు అని అడుగుదాం. జవాబును కాగితం మీద రాయించుకుందాం.