టాక్సీ పట్టిన అణువ్రతం

జైన సాధువు బండెక్కడు. ఎంత దూరమైనా కాలినడకే. నిప్పులోనూ గాలిలోనూ జీవులున్నాయని నమ్మేవారికి ఇంజన్ నడవడమే హింస. మరి సంసారి సంగతి? 12వ శతాబ్దంలో జైన ఆచార్యుడు హేమచంద్రుడు తన యోగశాస్త్రంలో గృహస్థులు వదులుకోవలసిన 15 వృత్తులను ఏకరువు పెట్టాడు. వాటిలో బొగ్గు కాల్చడం ఉంది, బళ్లు కిరాయికి తిప్పడమూ ఉంది. ఆ లెక్కన టాక్సీవాలా ఎప్పుడో దొరికిపోయాడు!

అయితే జైనం సంసారిని అక్కడే వదిలేయలేదు. సాధువుకు మహావ్రతం, సంసారికి అణువ్రతం. పూర్తిగా మానలేనివాడు తగ్గించుకోవాలి. ఇలా తగ్గించుకోవడం పుణ్యమా, పాపంతో రాజీయా?

ఈ ప్రశ్నకు గట్టి పరీక్ష, జైనంతో ఏ సంబంధమూ లేకుండానే, హాంకాంగ్ రోడ్ల మీద జరిగింది. అక్కడి టాక్సీలు 18 వేల పైచిలుకు. ఒకప్పుడు దాదాపు అన్నీ డీజిల్‌వే. 1997లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీతో కొన్నింటిని నడిపి చూశారు. 2000 నుంచి డీజిల్ బండి తీసేసి గ్యాస్ బండి కొన్నవారికి ప్రభుత్వం 40 వేల హాంకాంగ్ డాలర్లు ఇచ్చింది. 2003 ముగిసేసరికి టాక్సీలు దాదాపుగా అన్నీ మారిపోయాయి. నల్లపొగ పోయింది. ఎల్పీజీ కూడా నేలలోంచి తీసిన ఇంధనమే, కార్బన్ డయాక్సైడ్ వదిలేదే. అయినా రోడ్డు పక్కన నిలబడ్డవాడి ఊపిరితిత్తులకు తేడా తెలుస్తుంది.

కథ అక్కడితో అయిపోతే రాజీని పుణ్యం ఖాతాలోనే రాసుకోవచ్చు. కానీ ఈ బళ్లలో విషవాయువులను విరిచేది పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్. లోపల సన్నని గదుల పింగాణీ దిమ్మ, దానికి ప్లాటినం జాతి లోహాల పూత. పగలూ రాత్రీ షిఫ్టుల్లో తిరిగే టాక్సీలో ఆ పూత త్వరగా పనికిరాకుండా పోతుంది. బండి మామూలుగానే పరుగెడుతుంది, పొగ కంటికి కనబడదు, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరిగిపోతాయి. చివరికి 2013లో ప్రభుత్వమే ఒక్కసారికి తన ఖర్చుతో కన్వర్టర్లను మార్పించాల్సి వచ్చింది.

అణువ్రతాన్ని రాజీ అని తీసిపారేసేవారు మరిచిపోయేది ఇదే. జైనంలో వ్రతంతోపాటు దాని అతిచారాల, అంటే వ్రతానికి తగిలే దోషాల, పట్టిక ఉంటుంది, జరిగిన తప్పులను తలచుకుని సరిదిద్దుకునే ప్రతిక్రమణం ఉంటుంది. ఆ తనిఖీ లేని చిన్న వ్రతం నిజంగా రాజీయే. హాంకాంగ్‌కూ చివరికి అలాంటి తనిఖీ వచ్చింది: 2014 సెప్టెంబర్ నుంచి రోడ్డు పక్కన అమర్చిన సెన్సర్లు దాటిపోయే బళ్ల పొగను కొలుస్తున్నాయి. పట్టుబడ్డ బండి గడువులోగా పరీక్ష నెగ్గకపోతే లైసెన్సు పోతుంది. నోటీసు వెళ్లేది యజమానికి. షిఫ్టుకింతని అద్దె కట్టి నడిపే డ్రైవరుకు గొట్టంలో ఏముందో చూసుకునే వీలుండదు కనుక అది సబబే.