కౌన్సెలర్‌గా చేరబోతున్న మా అమ్మాయికి

అమ్మడూ,

వచ్చే నెల నుంచి జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెబితే కడుపు నిండిపోయింది. మీ నాన్న పోయాక నువ్వు పడ్డ బాధే నిన్ను ఈ చదువు వైపు నడిపించిందని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని గనక ఒక్క మాట చెబుతాను, విను.

తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఎవరైనా నీ ముందు ఏడిస్తే, "నాకూ ఇలాగే అయిందమ్మా" అనబుద్ధేస్తుంది. అనకు. అన్నావంటే ఆ పిల్ల తన ఏడుపు దిగమింగి నిన్ను ఓదార్చడం మొదలెడుతుంది. మన ఇళ్ళలో ఆడపిల్లలకు అది ఉగ్గుపాలతోనే అలవాటవుతుంది. నీ దుఃఖం చెప్పుకోవడానికి నువ్వు వేరే పెద్ద కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళు. చేరకముందే వెళ్ళు.

కార్ల్ రోజర్స్‌ని పరీక్షల కోసం చదివే ఉంటావు. ఇప్పుడు మనిషిగా చదువు. 1902లో అమెరికాలో, మతనిష్ఠ గట్టిగా ఉన్న ఇంట్లో పుట్టాడు. ముందు వ్యవసాయం చదివాడు, తర్వాత మతబోధకుడవుదామనుకున్నాడు, చివరికి సైకాలజీకి వచ్చాడు. రోచెస్టర్‌లో పిల్లలతో పనిచేసే రోజుల్లో, అల్లరి శ్రుతిమించిన ఓ కుర్రాడి తల్లి ఆయన దగ్గరికి వచ్చేది. పసితనంలో కొడుకుని ఆమె దగ్గరికి తీయకపోవడమే అసలు కారణమని ఆయన నిర్ణయానికొచ్చాడు. ఎంత ఓపిగ్గా చెప్పినా ఆమెకు ఎక్కలేదు. ఇక లాభం లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఇక్కడ పెద్దవాళ్ళకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా?" అని అడిగింది. చేస్తామనగానే వచ్చి కూర్చుని, తన కాపురంలోని కష్టమంతా వెళ్ళబోసుకుంది. ఆయన విన్నాడు. పోనుపోను కొడుకూ బాగుపడ్డాడు. ఎక్కడ నొప్పిగా ఉందో వచ్చినవాళ్ళకే తెలుసని రోజర్స్ అక్కడే నేర్చుకున్నాడు.

నీ దగ్గరికీ తల్లులు వస్తారు. "మావాడికి నాలుగు మంచి మాటలు చెప్పండి మేడమ్" అంటారు. నువ్వు వాణ్ణి అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆవిడే జవాబు చెబుతుంది, వాడు తలొంచుకుని బొటనవేలి గోరు గిల్లుకుంటూ ఉంటాడు. ఆవిణ్ణి మర్యాదగా కాసేపు బయట కూర్చోమను. వాడు మొదటిరోజు నోరు విప్పకపోయినా కంగారుపడి ఉపన్యాసం మొదలెట్టకు. నాలుగు మంచి మాటలు వాడు పొద్దున్నించీ వింటూనే ఉన్నాడు.

చెప్పింది బయటికి పోదని మొదటే చెప్పు. ప్రాణం మీదికొచ్చే సంగతైతే మాత్రం దాచనని కూడా అప్పుడే చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్ళని పిలిపించు, అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు నీ గది బయట, పిల్లలందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాయించు.