చేదు వేరు, కుళ్ళు వేరు



ఒలీవల కొండ, ఒలీవ నూనె, నోవా దగ్గరకు పావురం తెచ్చిన ఒలీవ ఆకు మనకు చిన్ననాటి నుండి తెలిసినవే. కాని చెట్టు నుండి కోసిన ఒలీవకాయను నోట పెట్టుకోలేమన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఓల్యూరోపిన్ అనే పదార్థం వల్ల అది అంత చేదు. పెరట్లో ఒలీవ చెట్టు ఉన్నవారు కాయలకు గాట్లు పెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఆ తరువాత ఉప్పునీటిలో వారాలు, నెలల తరబడి ఊరవేస్తారు. తొందరగా కావాలంటే కాస్టిక్ సోడా నీటిలో వేస్తారు. కొన్ని గంటల్లోనే చేదు విరుగుతుంది. అయితే ఆ సోడా పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి.

ఒలీవ బాగా పూయాలంటే చలికాలంలో గట్టి చలి ఉండాలి. మన గోదావరి డెల్టాలో ఆ చలి లేదు. మన పెరళ్ళలో ఉన్నది దబ్బచెట్టు. దబ్బకాయ తొక్కలోనూ చేదుంది. మన తల్లులు కాయలను తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, గింజలు తీసేసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తి వాసెన కడతారు. మూడోనాడు తిరగగలుపుతారు. ముక్కలు ఊటలో మునిగాయో లేదో చూస్తారు. తడి గరిటె తగలనివ్వరు. రోజులు గడిచేకొద్దీ తొక్క మెత్తబడి, చేదు తగ్గి, ముక్క రుచికి వస్తుంది.

ఓర్పు అంటే ఏమీ చేయకుండా కూర్చోవడమా అన్న ప్రశ్నకు ఆ జాడీయే జవాబు చెబుతుంది. అక్కడ ఎదురుచూపు ఉంది, ఏమరుపాటు లేదు. ఇంటర్ తప్పిన కొడుకు, ఇంకా ఇంటికి అలవాటుపడని కోడలు, మాట కటువైన మామగారు - వీరిలో మనకు కనిపించేది చేదు. దానికి కాలం కావాలి, కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి. సోడాలాంటి మాటలతో ఒక్కరోజులో మార్చబోతే, ఆ మాటల మంట చల్లారడానికి ఏళ్ళు పడుతుంది.

అయితే బూజు పట్టిన ముక్క కనబడితే, ఊరితే అదే బాగవుతుందని ఏ తల్లీ మూత పెట్టదు. ఉప్పు చేదును తగ్గిస్తుందే గాని, కుళ్ళిన ముక్కను మంచి ముక్క చేయలేదు.

తాగివచ్చి కొట్టే భర్తను గురించి ఏడుస్తూ వచ్చిన ఆడబిడ్డతో, "ఓర్చుకో అమ్మా, సంసారమన్నాక తప్పదు" అనే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. కొందరు సిలువను కూడా చూపిస్తారు. ఇది ఓర్పును బోధించడమేనా? పునీత తోమాసు అక్వినాసుగారు తమ 'సుమ్మా' గ్రంథంలో ఓర్పును ధైర్యంలో ఒక భాగంగా చెప్పారు. దుఃఖం మన వివేకాన్ని పడగొట్టకుండా కాపాడేదే ఓర్పు. అవసరమైనప్పుడు కీడు చేసేవానిని ఎదిరించడం ఓర్పుకు విరుద్ధం కాదని కూడా వారే వ్రాశారు. భయంతో నోరు మూసుకోవడాన్ని ఓర్పు అనడం ఆ సుగుణాన్నే అవమానించడం.

1983 నాటి శ్రీసభ చట్టం 1153వ సూత్రం ప్రకారం, జీవిత భాగస్వామి వల్ల తనకు గాని పిల్లలకు గాని శరీరానికో మనసుకో తీవ్రమైన ప్రమాదం ఉంటే వేరుగా ఉండటానికి న్యాయమైన కారణం ఉన్నట్టే. ఆలస్యం చేస్తే ప్రమాదమనిపిస్తే ముందుగా అనుమతి కోసం ఆగనక్కరలేదు. దేశంలో 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఉంది. క్షమించాలి, నిజమే. కాని క్షమించడమంటే మళ్ళీ దెబ్బకు అందేంత దూరంలో నిలబడటం కాదు.

కనుక ఎవరికైనా ఓర్పును గూర్చి సలహా చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇక్కడ ఉన్నది చేదా, కుళ్ళా? చేదే అయితే, ఆమెతోపాటు ఆ జాడీని కనిపెట్టుకొని ఉండటానికి నేను సిద్ధమేనా? కుళ్ళయితే, ఈ రాత్రి ఆమె, ఆమె పిల్లలు తలదాచుకోవడానికి మా ఇంటి తలుపు తెరుస్తానా?